వదిన ముక్క

ఆసుపత్రి స్టెయినింగ్ గది, కింది అంతస్తు
మార్చి 3

వదినా,

బాగున్నావా అని అడగను. అడిగితే "బాగోక ఏం" అని తేల్చేస్తావు, నా కాగితం దండగ. ఫోను చేస్తే ఎత్తవు. మోగించీ మోగించీ నాకే సిగ్గేసి మానేశాను. అందుకని పెన్షన్ గుమాస్తాని పట్టుకుని, బతిమాలి, ఆఖరికి దెబ్బలాడి నీ అడ్రసు రాయించుకున్నాను. రెండేళ్ళ సర్వీసు ఉండగానే ఉద్యోగం వదిలేశావు, ఊరు మారావు, పద్దెనిమిది నెలలయింది, ఆడపడుచుకి ఒక్క మాట చెప్పాలనిపించలేదు నీకు. సరే, ఆ తిట్లు ఇంకో ఉత్తరంలో. ఇది ఆఫీసు పని మీద రాస్తున్నాను కాబట్టి జవాబు రాయక తప్పదు నీకు.

సంగతేమిటంటే, నీ ముక్క అయిపోవస్తోంది.

నవ్వకు. నీ అపెండిక్సుతో చేసిన ఆరు మైనపు దిమ్మల్లో ఐదు ఎప్పుడో అయిపోయాయి. ఆరోది కాగితం మందాన మిగిలింది. ఎంత పొదుపుగా కోసినా ముప్ఫై పొరలు వస్తే గొప్ప. ఆపరేషను బల్ల మీంచి లేవగానే "పారేసేదేగా, నాకిచ్చెయ్యండి, ల్యాబులో కంట్రోలుకి పనికొస్తుంది" అని సర్జన్ని అడిగావుట కదా. అన్నయ్య ఎన్నిసార్లు చెప్పి నవ్వేవాడో. "మీ వదిన తన పేగుముక్క కూడా వృథా పోనివ్వదు" అని.

మొన్న స్టోరు గుమాస్తా లెక్క చూసుకోవడానికి వచ్చి ఫ్రిజ్జులో చిటికెనవేలంత సీసా చూసి, ఇదేమిటమ్మా అన్నాడు. యాంటీబాడీ అన్నాను. కండముక్క మీద చుక్క వేస్తే రక్తనాళాల లోపలి పొరలో ఉండే కణాలనే వెతికి పట్టుకుని అంటుకుంటుంది, ఇంక దేన్నీ ముట్టుకోదు, తర్వాత రంగు మందు పోస్తే అంటుకున్న చోటల్లా గోధుమరంగు వస్తుంది, అప్పుడు నాళాలన్నీ ఉంగరాల్లా తేలతాయి, ఆ ఉంగరంలోకి క్యాన్సర్ కణాలు దూరాయో లేదో తెలుస్తుంది అని చెప్పాను. బాగానే విన్నాడు. "అది సరిగ్గా వెతికిందో లేదో మీకెలా తెలుస్తుంది?" అన్నాడు. "మా వదిన చెబుతుంది" అన్నాను. పాపం, నీ కోసం గదంతా చూశాడు.

తర్వాత చెప్పాను లే. రోగి ముక్క పెట్టిన గాజు పలక మీదే పైన ఓ పక్కగా నీ ముక్క పొర ఒకటి పెడతామని, నీ నాళాలు ముదురుగా తేలితే మందు పనిచేసినట్టని, నీవి పాలిపోతే ఆ గాజు మొత్తం చెత్తబుట్టలోకేనని. ఆయన వెళ్ళిపోయాక గదిలో మళ్ళీ నేనూ, సింకు కింద కారే గొట్టమూ మిగిలాం. గొట్టం ఇంకా బాగుచెయ్యలేదు.

కొత్త కంట్రోలు దేంతో చెయ్యాలో చెప్పు. పాత గాజు పలకల బీరువాలు కూడా పై అంతస్తుకి మారుస్తున్నారు, ఆ సర్దుడంతా నా నెత్తినే పడింది. ఇంటికి వెళ్ళాక ఏం చేస్తున్నావు అని నువ్వు అడగవు కాబట్టి నేనే చెబుతున్నాను. ఏమీ చెయ్యడం లేదు. మూడు కుర్చీలూ తుడిచి ఒకదాంట్లో కూర్చుంటున్నాను.

నీ ఆడపడుచు

*

పై గది, తాళాల దుకాణం మీద
మార్చి 20

అమ్మడూ,

అడ్రసు ఇచ్చినందుకు ఆ గుమాస్తాకి నా తరఫున రెండు తగిలించు.

కంట్రోలుకి టాన్సిల్ తీసుకో. గొంతు డాక్టరుని అడిగితే ఇస్తాడు. సన్న నాళాలు దండిగా ఉంటాయి అందులో. ముక్క కుళ్ళకుండా పోసే ఫార్మలిన్‌లో ఒక రోజు మించి నాననివ్వకు. మొదటి పది పొరలూ నా ముక్కతో పక్కపక్కన పెట్టి చూడు. లావు నాళాలు చూసి మురిసిపోకు, అవి ఎలా చేసినా రంగు పట్టుకుంటాయి. వెంట్రుకవాసి నాళాలు తేలాయా లేదా, అది చూడు. రెండు ముక్కలూ ఒకేలా వస్తే అప్పుడు నన్ను పారెయ్యి.

గొట్టానికి పాత రబ్బరు ముక్క చుట్టి తాడు కట్టు. బాగుచేసేవాళ్ళు రారు.

నా సంగతి అడగనన్నావు కాబట్టి నేనే చెబుతున్నాను. కింద తాళాలు చేసే ఆయన ఉన్నాడు. పొద్దుటి నుంచీ ఆకురాయి పెట్టి రుద్దుతూనే ఉంటాడు, మొదట్లో పళ్ళు జివ్వుమనేవి, ఇప్పుడు ఆ చప్పుడు లేని ఆదివారం తోచదు. గదిలో ఒక కుర్చీ, ఒక కంచం. కిటికీ తీస్తే ఎదురింటి గోడ. వంట గిన్నెలోనే చేసుకుంటున్నాను. కుక్కరు కొనలేదు, చోటు లేదు. సాయంత్రం ఆయన షట్టరు దించాక మళ్ళీ పొద్దున్న దాకా మనిషి గొంతు వినిపించదు. పాలు పోసే ఆవిడతో అక్కర్లేకపోయినా ఒక మాట ఎక్కువ మాట్లాడుతున్నాను, నా గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి.

ఎందుకు వచ్చేశావని మాత్రం అడక్కు. పని సంగతులు ఏమైనా ఉంటే రాయి, జవాబిస్తాను.

వదిన

*

ఇల్లు
ఏప్రిల్ 6

వదినా,

టాన్సిల్ దొరికింది. నువ్వు చెప్పినట్టే పది గాజులు చేసి చూశాను. వెంట్రుకవాసి నాళాలు కూడా చక్కగా తేలాయి, డాక్టరమ్మ సరేనంది. ఎవరి గొంతులోదో ఏమో, మనిషి తెలియదు. నీ ముక్క గాజు మీద పరుస్తూ "ఏం వదినా, ఇవాళ కాస్త ముడతపడ్డావు" అనేదాన్ని ఇన్నాళ్ళూ. దీంతో ఏం మాట్లాడను? నిన్న పొద్దున్న అలవాటుగా "వదినా" అనేసి నాలిక్కరుచుకున్నాను.

నీ దిమ్మ పారెయ్యలేదు. పదకొండు పొరలకి సరిపడా ఉంది. చిన్న డబ్బాలో పెట్టి నా సొరుగులో దాచాను.

నువ్వు పని సంగతులే రాయమన్నావు, అంటే ఇంటి సంగతులు రాయొద్దనేగా. రాస్తాను, ఏం చేస్తావు? మీ ఇద్దరి గదిలో ఫ్యాను తిరగడం మానేసింది. నేను ఆ గదిలోకి వెళ్ళడమే లేదు కాబట్టి బాగు చేయించలేదు. అన్నయ్య దువ్వెన ఇంకా అద్దం దగ్గరే ఉంది. తీసి లోపల పెడదామని వెళ్ళి, దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టి వచ్చాను. వంటింట్లో మాత్రం నేను సుఖంగానే ఉన్నాను. రెండు రోజులకి ఒకసారి వండుకుంటున్నాను, వంక పెట్టేవాళ్ళు లేరు. కూరలో ఉప్పెక్కువైతే అన్నయ్యలాగా నేనే దగ్గుకుంటున్నాను.

ఇంకో మాట. బీరువాలు మారుస్తున్నామని రాశానుగా. సంవత్సరాల వారీగా గాజులు పెట్టెల్లో సర్దుతుంటే నాలుగేళ్ళ కిందటి పెట్టెలో అన్నయ్యది చేతికి తగిలింది. పేగు ఆపరేషనప్పుడు రక్తనాళాల కోసం రంగు వేసిన గాజు. నంబరు చూసి గుర్తుపట్టాను. దాని మీద నీ ముక్క లేదు, వదినా. పైన చోటు ఖాళీగా ఉంది.

నాకు పని నేర్పిన మొదటి రోజున "దేవుడి గాజైనా సరే, కంట్రోలు లేకుండా నా బల్ల దాటదు" అన్నదానివి. అన్నయ్య గాజు మీద ఎందుకు పెట్టలేదు? ఊరికే అడుగుతున్నాను.

నీ ఆడపడుచు

*

స్టెయినింగ్ గది
మే 12

వదినా,

నెల దాటింది. రోజూ పోస్టు వచ్చే వేళకి ఏదో వంకన మెట్లెక్కి పైకి వెళుతున్నాను. గేటు దగ్గర కూర్చునే ఆయన నాకు ఎవరో ఉద్యోగం ఇస్తామన్నారని అనుకుంటున్నాడు, ధైర్యం కూడా చెప్పాడు.

అడగకూడనిది అడిగి ఉంటే తిట్టు. తిట్టడానికైనా రెండు ముక్కలు రాయి. నువ్వు ఇంట్లో ఉన్న రోజుల్లో అలిగితే కంచం చప్పుడు చేసేదానివి, అది విని ఇంకా కోపంగా ఉందనో తగ్గిందనో పోల్చుకునేదాన్ని. ఇక్కడినుంచి ఏం వినను?

*

పై గది
మే 25

అమ్మడూ,

ఊరికే అడగలేదు నువ్వు. నాకు తెలుసు.

నీకు చెబితే నీ మొహం చూడలేనని వచ్చేశాను. ఇప్పుడు మొహం ఎదురుగా లేదు కాబట్టి రాస్తున్నాను. మధ్యలో ఆపితే మళ్ళీ రాయలేను, చేతిరాత ఎలా ఉన్నా సర్దుకుని చదువుకో.

మీ అన్నయ్యకి పేగు ముక్క తీశారు. క్యాన్సర్ గ్రంథుల్లోకి పాకలేదన్నారు. రక్తనాళాల్లో దూరిందో లేదో చూసి, దూరితే ఆర్నెల్లు మందు ఎక్కిస్తాం, దూరకపోతే అక్కర్లేదు, ఊరికే పరీక్షలకి వస్తూ ఉంటే చాలు అన్నాడు పెద్ద డాక్టరు. ఆ గాజు నేనే చేస్తానన్నాను. రంగు వేయడం అయ్యేదాకా ఇంకెవరి చేతా ముట్టనివ్వలేదు. అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ చూసుకుని అదొక్కటే పెట్టుకున్నాను.

నా ముక్క పొర నీళ్ళ మీద తేలుతోంది. గాజు మీదకి తీసుకోవడమే తరవాయి. ఇన్నేళ్ళూ ఎవరెవరి ముక్కల పక్కనో ఆలోచించకుండా పెట్టేశాను. ఆయనది వచ్చేసరికి పెట్టలేకపోయాను. ఇటు ఆరోగ్యంగా ఉన్న పెళ్ళాం, అటు జబ్బు పడ్డ మొగుడు, పోల్చి చూసుకోండి అన్నట్టు అనిపించింది. పెడితే ఆయన కూడా రోజూ వచ్చే నంబర్లలో ఒక నంబరు అయిపోతాడనిపించింది. ఎంత పిచ్చి ఆలోచనో చూడు. నా ముక్కని నీళ్ళలోనే వదిలేశాను.

గాజు కుక్కరులో ఉడుకుతోంది. పూర్తిగా ఉడక్కపోతే యాంటీబాడీకి కణాలు దొరకవని నీకు నేనే నేర్పాను. సగంలో ఉండగా వార్డు నుంచి ఫోను. కళ్ళజోడు కనబడటం లేదుట, నేను వస్తే గానీ దొరకదని పట్టుపడుతున్నాడుట. స్టవ్వు కట్టేసి పైకి పరిగెత్తాను. వేడికి అదే మగ్గుతుందిలే అనుకున్నాను. వెళ్ళి చూస్తే కళ్ళజోడు ఆయన నెత్తి మీదే ఉంది. ఇద్దరం ఎంత నవ్వామో. కుట్లు లాగుతున్నాయి నవ్వించకే అన్నాడు. అంత మనసారా నవ్వడం అదే ఆఖరు.

కిందకి వచ్చి మిగతా పని చేశాను. రంగు లేతగా వచ్చింది. లావు నాళాలు తేలాయి, సన్నవి సరిగ్గా తెలియలేదు. ఆయన ముక్క తీరే అంతేమో అనుకున్నాను. అనుకోవడం ఏమిటి, అలా అనుకోవాలని అనుకున్నాను. నా ముక్క పక్కన ఉండి ఉంటే ఒక్క చూపులో తెలిసేది, నాదీ పాలిపోయి ఉండేది, గాజు పారేసి మళ్ళీ చేసేదాన్ని. డాక్టరమ్మ లోపలికి వచ్చి "కంట్రోలు సరిగ్గా ఉందా?" అంది. "ఉంది" అన్నాను. ఇరవై ఏళ్ళుగా నా మాట మీద గాజు తిప్పి చూసుకోని మనిషి ఆవిడ. నాళాల్లో కణాలు లేవని రాసింది.

మందు అక్కర్లేదన్నారు. జుట్టు ఊడదు కదా అని మీ అన్నయ్య అద్దం ముందు అరగంట నిలబడ్డాడు, నీకు గుర్తుండే ఉంటుంది. ఏడాదిన్నరకి కాలేయంలో తేలింది. ఆ తర్వాతది నీకూ తెలుసు.

అందుకే ఫోను ఎత్తను. మాట చివర సాగదీస్తావు నువ్వు, అచ్చం ఆయనలాగే. కుక్కరు కొనకపోవడానికి కూడా చోటు కారణం కాదు.

ఇదీ సంగతి. నన్ను వదినా అని పిలవాలో వద్దో నువ్వే చూసుకో.

*

స్టెయినింగ్ గది
జూన్ 3

వదినా,

పిలిచాను చూశావా.

నీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి చదివాను. తర్వాత కిందకి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. టైమరు మోగితే లేచి వెళ్ళి గాజులు కడిగి మళ్ళీ వచ్చి ఏడ్చాను. ఏం ఉద్యోగమో, ఏడవడానికి కూడా పది నిమిషాలు మించి ఇవ్వదు.

నీ తప్పేం లేదని రాయను. ఉందో లేదో నాకు తెలియదు. నీకూ తెలియదు. రంగు లేతగా వచ్చినంత మాత్రాన లోపల కణాలు ఉన్నాయనేముంది? ఉండొచ్చు, లేకపోవచ్చు. మసక గాజు చూసుకుని నువ్వే నీకు శిక్ష వేసుకుని ఆ గదిలో కూర్చున్నావు.

అన్నయ్య దిమ్మ ఇక్కడే ఉంది. దిమ్మలు పదేళ్ళు ఉంచుతారు, నేను వెళ్ళి చూసి వచ్చాను. అందులోంచి మళ్ళీ పొర కోసి, సరిగ్గా ఉడికించి, రంగు వెయ్యొచ్చు. డాక్టరమ్మని అడగాలి. నువ్వు ఊఁ అంటేనే అడుగుతాను. కంట్రోలుగా టాన్సిల్ పెట్టను. నీ ముక్కే పెడతాను, పదకొండు పొరలు దాచింది ఇందుకేనేమో.

చెయ్యమంటావా?

నీ ఆడపడుచు

*

పై గది
జూన్ 12

వద్దు.

ఇప్పుడు తెలిసి ఎవరికి ఏం ఒరుగుతుంది. లేవని తేలితే ఇన్నాళ్ళూ అనవసరంగా ఇల్లు వదిలి, నిన్ను వదిలి వచ్చిన దాన్నవుతాను. ఉన్నాయని తేలితే ఏమవుతానో నాకు తెలియదు. ఆ దిమ్మని ముట్టుకోకు.

జూన్ 14

పై కాగితం కవర్లో పెట్టి రెండు రోజులు బల్ల మీదే ఉంచాను, పోస్టు చెయ్యలేదు.

ఇవాళ పొద్దున్న కింద దుకాణానికి ఒకావిడ తాళం పట్టుకొచ్చింది. తాళంచెవి పోయిందిట, పెట్టె తెరవాలిట. లోపల ఏముందమ్మా అని ఆయన అడిగితే, తెరిస్తే కదా తెలిసేది అంది. విసుగ్గా అంది. అంతే, ఇంకేం లేదు. అది విన్నప్పటి నుంచీ అన్నం సయించడం లేదు.

చెయ్యి.

పద్ధతిగా చెయ్యి. పొర ముడత లేకుండా పరుచు. కుక్కరు దగ్గరే నిలబడు, భూకంపం వచ్చినా కదలకు. ఏది కనిపిస్తే అది రాయి. నా మీద జాలిపడి లేవని రాశావో, నీ అక్షరం చూస్తేనే నాకు తెలిసిపోతుంది. పదిహేనేళ్ళు నీ పక్కన కూర్చుని పనిచేసినదాన్ని.

వదిన

*

ఇల్లు
జూలై 2

వదినా,

ఆదివారం చేశాను, గదిలో ఇంకెవరూ లేకుండా. డాక్టరమ్మ చెయ్యనిస్తానంది. ఎందుకని అడిగితే, ఇంటి వాళ్ళం, తెలుసుకోవాలనుందని చెప్పాను. నీ మాట చెప్పలేదు. అది నువ్వు చెప్పుకోవాల్సింది.

అన్నయ్య దిమ్మ మంచు మీద పెట్టి చల్లబరిచి కోశాను. మొదటి రెండు పొరలు చిరిగాయి. మూడోది నిండుగా వచ్చింది. నీది ఒక్క కోతకే వచ్చేసింది. రెండూ గోరువెచ్చటి నీళ్ళ మీద తేలుతుంటే మొదట అన్నయ్యని గాజు మీదకి ఎక్కించాను, తర్వాత పైన నిన్ను పెట్టాను. ఇద్దరి మధ్యా గోరంత ఎడం ఉంది. అటు ఇటు తిప్పి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఆ తర్వాతే కుక్కరు పెట్టాను. దాని పక్కనుంచి కదల్లేదు. ఫోను మోగింది, ఎత్తలేదు.

రంగు వచ్చాక ముందు నిన్ను చూశాను. సన్న నాళాలన్నీ ముదురు గోధుమరంగులో, ఒక్కటి కూడా పాలిపోకుండా ఉన్నాయి. నేను ఇన్నేళ్ళలో చేసిన వాటన్నిట్లోకీ మంచి గాజు ఇదే. ఆ తర్వాత గాజు జరిపి అన్నయ్యని చూశాను.

ఉన్నాయి వదినా. నాలుగు చోట్ల ఉన్నాయి. సన్న నాళాల్లోనే, ఉంగరం లోపల గుంపుగా. అనుమానం పడాల్సిన పనేమీ లేకుండా ఉన్నాయి. మర్నాడు డాక్టరమ్మ చూసింది. ఆ మందు కొందరిని నిలబెడుతుంది, కొందరి మీద పనిచెయ్యదు, మీ అన్నయ్య ఎటు ఉండేవాడో నేను చెప్పలేను అంది. ఆవిడ అన్నది అన్నట్టు రాశాను.

ఇప్పుడు నా సంగతి. ఇది రాయడానికే నీకు మొదటి ఉత్తరం రాశాను, నీ ముక్క అయిపోతోందన్నది నిజమే గానీ అది వంక.

ఆ గాజు బీరువాలో చేతికి తగిలిందని రాశానే, అది అబద్ధం. వెతికి తీశాను. ఏ పెట్టెలో ఎన్నో వరసలో ఉందో నాకు ముందే తెలుసు, నువ్వు ఉద్యోగం మానేశాక ఎన్నోసార్లు తీసి చూసి మళ్ళీ పెట్టాను. ఆ రోజు నేను భోజనం నుంచి తొందరగా వచ్చేశాను, గుర్తుందా? గాజు మీద పైమూత అద్దం వేసి అంటించింది నేనే. అప్పుడే చూశాను పైన చోటు ఖాళీగా ఉండటం. మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో డాక్టరమ్మ వచ్చి నిన్ను అడిగింది. నువ్వు "ఉంది" అన్నావు. నేను మూడడుగుల దూరంలో సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. కడిగిన చేతులే మళ్ళీ కడిగాను.

ఎందుకు మాట్లాడలేదని నువ్వు అడిగేలోపు నేనే చెబుతాను. నువ్వు పెద్దదానివి, ఏదో కారణం ఉంటుందిలే అనుకున్నానని నాకు నేను చెప్పుకునేదాన్ని. అది కొంతే నిజం. లేవు అనే మాటే నాక్కూడా కావాలి. మళ్ళీ చేస్తే ఉన్నాయని వస్తుందేమోనని భయం. అన్నయ్యకి జుట్టు ఊడదని నేను కూడా ఆ సాయంత్రం సంబరపడ్డాను. నువ్వు చేసింది భయపడి చేశావు, నేను చూసి కూడా ఊరుకున్నాను. ఎవరిది ఎక్కువో తూచలేను.

నువ్వు వెళ్ళిపోయిన రోజు ఆపలేకపోయింది అందుకే. ఆపితే చెప్పాలి. చెప్పకుండా ఎలా ఆపను? కళ్ళజోడు కథ నీ ఉత్తరం చదివే దాకా నాకు తెలియదు. నువ్వు ఇక్కడ ఉన్నన్నాళ్ళూ నేను నీ మొహంలో చూసింది ఏమిటో అప్పుడు తెలిసింది. ఒక్కదాన్నీ ఈ ఇంట్లో ఉండలేకపోతున్నాను వదినా. నీకు నా మీద ఎంత కోపం వచ్చినా రానీ, అది ఇక్కడికి వచ్చి చూపించు.

గాజు నా సొరుగులో ఉంది. పోస్టులో పంపమంటే దూదిలో చుట్టి పంపుతాను.

నీ ఆడపడుచు

*

పై గది
జూలై 19

అమ్మడూ,

మూడు ఉత్తరాలు రాసి చింపాను. మొదటిదాంట్లో నిన్ను నోటికి వచ్చినట్టు తిట్టాను. నీకు తెలుసు. నాలుగేళ్ళ నుంచీ తెలుసు. అప్పుడే ఒక్క మాట, "వదినా, ముక్క పెట్టలేదు" అని అని ఉంటే నేను గాజు పారేసేదాన్ని. నువ్వంటే వినేదాన్ని. ఆయన పోయాక కూడా నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు, నేను కంచం ముందు కుమిలిపోతుంటే నాకు కూర వడ్డించావు. నాకింకా కోపంగానే ఉంది. ఇది తగ్గుతుందని నీకు మాట ఇవ్వను.

రెండోదాంట్లో నన్ను నేను తిట్టుకున్నాను. మూడోది ఆయనకి రాశాను, అది ఎందుకు చింపానో చెప్పక్కర్లేదు.

ఉన్నాయని చదివిన రోజు కింద దుకాణంలోకి వెళ్ళి కూర్చున్నాను. తాళాలాయన ఏమీ అడక్కుండా స్టూలు జరిపి, ఆకురాయి పక్కన పెట్టేసి టీ తెప్పించాడు. ఇన్ని నెలల్లో ఎదురుగా మనిషి ఉండగా టీ తాగడం అదే మొదటిసారి. మా ఆయన్ని నేను చూసుకోవాల్సినంతగా చూసుకోలేదండీ అన్నాను. ఆయన తలూపాడు. ఆ మాట బయటి మనిషితో అన్నాక నీతో కూడా అనగలను అనిపించింది.

గాజు పోస్టులో పంపకు, పగులుతుంది. నేనే వస్తున్నాను. వచ్చే శనివారం పొద్దున్న బస్సుకి. బస్టాండుకి రావద్దు, నాలుగు మెట్లు ఎక్కడానికి నాకు తోడు అక్కర్లేదు. ఇంట్లో ఉంటానో, చూసి తిరిగి వచ్చేస్తానో ఇప్పుడే చెప్పలేను. గది మాత్రం ఖాళీ చెయ్యలేదు. మా గదిలో ఫ్యాను బాగు చేయించి ఉంచు. ఆయన కళ్ళజోడు నా దగ్గరే ఉంది, తెస్తున్నాను, దువ్వెన పక్కన పెడదాం.

ముందు డాక్టరమ్మ గదికి వెళదాం. "కంట్రోలు సరిగ్గా ఉందా" అని ఆవిడ అడిగినదానికి నేను ఇంకా సరైన జవాబు చెప్పలేదు. లేదని చెప్పాలి. ఇంత ఆలస్యంగా చెబితే ఆవిడ ఏమంటుందో, ఏ కాగితం మీద సంతకం పెట్టమంటుందో, అన్నింటికీ సిద్ధపడే వస్తున్నాను. నువ్వు చేతులు కడుక్కోకుండా నా పక్కన నిలబడు, చాలు.

తర్వాత కింది గదికి. మైక్రోస్కోపు దగ్గర రెండో కుర్చీ వేసి ఉంచు. ముందు నా ముక్క చూస్తాను, నేర్పిన పద్ధతి నేనే తప్పకూడదు. నాది సరిగ్గా ఉందని నా నోటితో అన్నాకే గాజు జరుపుతాను. మధ్యలో గోరంత ఎడం ఉందన్నావుగా, అది దాటేటప్పుడు నా చెయ్యి ఆగిపోతే నీ చెయ్యి వేసి నువ్వు జరుపు.

వదిన